క్షౌరశాలలో వరుస

ఆదివారమునాడు సింధనూరు, మాన్వి పట్టణములలో ఏ క్షౌరశాల చూచినను గుమ్మమువరకు జనము నిలిచియుండును. అట్టి వేళ "క్యాంపునుండి వచ్చితిమి, బస్సు దాటిపోవును, ముందు మాకు కానిమ్ము" అనుచు మనవారు కొందరు వరుస దాటి కుర్చీ నాక్రమించుచున్నారు. ఇది అన్యాయమని నిర్మొగమాటముగా చెప్పుచున్నాము.

పూర్వము పల్లెలలో క్షురకుడు ఆయగాండ్రలో ఒకడు. కళ్ళములో గింజలు కొలిచిన రైతు పిలిచినప్పుడెల్ల ఇంటికి రావలసినవాడు. ఆ గింజలు పోయినవి. పిలుపు హక్కు మాత్రము మిగులునా? నేడు మనమిచ్చు రొక్కము ఒక్క క్షౌరమునకే మూల్యము, పరుల వంతునకు కాదు.

వరుసకు కులము లేదు. అస్పృశ్యత పేర సేవ నిరాకరించుటను 1955 నాటి చట్టము నేరముగా నిర్ణయించినది. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు వచ్చినది. "దళితుని కూర్చుండబెట్టినచో మేము రాము" అని దుకాణదారుని బెదిరించువారు గ్రహింతురు గాక: అస్పృశ్యతకు ప్రేరేపించినవానిని సైతము ఆ చట్టము శిక్షించును.

దుకాణదారులకు మా సూచన: వచ్చినవారి పేర్లు పలకపై వరుసగా వ్రాయుడు. చేతినిండ పనియున్ననాడు "రేపు రండు" అని ధైర్యముగా చెప్పుడు. పండుగ ముందునాళ్ళలో ఫోను మీద వేళ నిర్ణయింపుడు. గిరాకులారా, మంగళవారము వారి విశ్రాంతిదినము. మూసిన తలుపు తట్టకుడు.

కార్యాలయములలో మన భాషకు రావలసిన వంతు రాలేదని వాపోవు మనము, అద్దము ముందు పొరుగువాని వంతు అపహరించుట సిగ్గుచేటు.