కట్టడపు పనిలో మంచి కొలువు ఎచ్చట దొరకును?

గతమాసమున మా యింటి కెదురుగా కట్టుచున్న మేడపై ఇటుకలు మోయు నొక తల్లి మంచినీళ్లకై మా వాకిట నిలిచినది. నీళ్లు త్రాగి, కొంగుముడి విప్పి యొక కాగితమును నా చేతి కిచ్చినది. "అమ్మగారూ, పంతులుగారికి చూపించండి. మా పిల్లవాణ్ణి దుబాయి పనికి పంపిస్తామంటున్నారు. లక్షన్నర అడుగుతున్నారు. ఉన్న అరెకరం తాకట్టు పెట్టమంటారా?" అని యడిగినది. ఆ కాగితమున కట్టవలసిన పైకము గలదు, ప్రయాణదినము గలదు. జీతమెంతయో, యజమాని యెవరో, పని యెట్టిదో లేదు.

ఈ ప్రశ్న ఆ తల్లి యొక్కతెది మాత్రమే కాదు. పదవతరగతి ముగించిన బిడ్డలుగల ఇండ్ల నెన్నింటనో ఇదే ప్రశ్న గలదు. కొలువనగా బల్లయు కుర్చీయు నని మనకొక భ్రాంతి. కట్టడపు పనియనగా తట్టమోత యని మరియొక భ్రాంతి. తట్ట మోయువాడు ముప్పదియేండ్లు మోసినను కూలివాడే. తాపీ పట్టి రసమట్టము చూడనేర్చినవాడు మేస్త్రి యగును. పటము చదువనేర్చినవాడు పదిమందిచేత పని చేయించును. కావున మంచి కొలువును వెదకుట కూలి యెక్కువయున్న ఊరిని వెదకుట గాదు, నేర్పు లభించు తావును వెదకుట యని నా తాత్పర్యము.

అట్టి తావులు మనకు గలవు. హైదరాబాదున 1998లో నెలకొల్పబడిన జాతీయ నిర్మాణ అకాడమీ ఈ వృత్తులయందు శిక్షణ నిచ్చుచున్నది. ఐ.టి.ఐ.లలో ప్లంబింగు, విద్యుత్తు, పటరచన మున్నగు పనులు నేర్పుదురు. పదవతరగతి పిదప పాలిటెక్నిక్కున మూడేండ్ల సివిల్ డిప్లొమా చదివినవానికి కట్టడములపై పర్యవేక్షకుని పని దొరకుటకు దారి యేర్పడును. లార్సెన్ అండ్ టూబ్రో వంటి పెద్దసంస్థలు సొంత శిక్షణాలయములనే నడుపుచున్నవి. దళారి యింటికంటె ముందుగా ఈ గడపలు తొక్కవలెను.

విదేశమునకు పోక తప్పదన్నచో, వ్రాత లేనిదే అడుగు వేయరాదు. 1983 నాటి వలసచట్టము ననుసరించి, ప్రభుత్వమువద్ద నమోదైన ఏజెంటు మాత్రమే మనుష్యులను పనికి పంపవలెను. వారి పేర్లు ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వపు జాబితాలో నుండును. సేవకై వారు పుచ్చుకొనదగినది 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. తెలంగాణ ప్రభుత్వము తానే యొక ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీని నడుపుచున్నది. చూచిపోవుట కిచ్చిన వీసా పని చేయుట కనుమతి గాదు. ఈ యొక్కమాట తెలియక గల్ఫుదేశములలో చిక్కుకొన్న బిడ్డల తల్లులు మనలో నెందరో గలరు.

స్వదేశమున పనిచేయువారికిని ఒక హక్కు గలదు. పెద్దకట్టడముల వ్యయముపై నూటికి 1 రూపాయి చొప్పున వసూలగు సుంకము కార్మిక సంక్షేమమండలికి చేరును. 18 మొదలు 60 ఏండ్లలోపువారు, గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు కట్టడపుపని చేసినవారు, అందు నమోదు కావచ్చును. ప్రమాదము, ప్రసూతి మున్నగు సమయముల సహాయము పొందవచ్చును. నమోదు కాని వారికి ఆ ధన మున్నను లేనట్లే.

ఆ తల్లి కాగితముపై నున్న ఏజెంటుపేరు ప్రభుత్వపు జాబితాలో మాకు కానరాలేదు. అరెకరము నిలిచినది. కుమారుడు ఐ.టి.ఐ.లో చేర దలచియున్నాడు. ఈమాట చెప్పి సంతసించుచున్న ఆమె, పోవుచు పోవుచు వెనుదిరిగి, "వాడికి సరే, పదిహేనేళ్లుగా నేను మోస్తున్నానుగదా, నాకు తాపీ నేర్పేవాళ్లు లేరా?" అన్నది. నాకు వెంటనే బదులు తోచలేదు.

తరువాత తోచినది. ఝార్ఖండు రాష్ట్రమున స్వచ్ఛభారత ఉద్యమకాలమున మరుగుదొడ్లు కట్టుటకై పల్లెస్త్రీలు తాపీపని నేర్చి రాణీమిస్త్రీలని పేరొందిరి. అచ్చట సాధ్యమైనది ఇచ్చట ఏల కారాదు? ఒకే పనికి స్త్రీపురుషులకు సమవేతన మీయవలెనని 1976 నుండియు శాసనము గలదు. అయినను స్త్రీచేతికి తట్టయే గాని తాపీ యిచ్చువారు లేనిచో, సమానమైన పనియే యామెకు దొరకదు. ఇక సమానవేతన మెక్కడిది?

సోదరీమణులారా! రేపు మీ యింట గోడ లేచునపుడు మేస్త్రిని పిలిచి, తట్టలు మోయు స్త్రీలలో నొకతెకు పని నేర్పు మని కోరుడు. ఇల్లు మీది, ధనము మీది. మీ మాట ఆతడు త్రోసివేయడు. కొలువులు నగరములలోనే గాదు, మన వాకిటిలోను పుట్టగలవు.