ఒళ్లో బిడ్డకూ టికెట్టా?

'ఒళ్లో పట్టే పిల్లకు ఇంకో టికెట్టు ఏంటికప్పా?'

అమెరికా నుంచి పసిబిడ్డతో వచ్చిన కూతురు తిరుగు ప్రయాణానికి సిద్ధమైతే అనంతపురం ఇళ్లలో వినిపించే మాట ఇది. అనేది ఎక్కువగా అవ్వే. ఆమె లెక్క ఆమెకుంది. ఆర్టీసీ బస్సులో ఐదేళ్లు నిండేదాకా టికెట్టు లేదు. రైల్లోనూ విడిగా బెర్తు అడగకపోతే అంతే. పిల్లల్నందర్నీ ఒళ్లో పెట్టుకునే కదిరి తిరునాళ్లకూ, తిరుపతికీ పోయొచ్చింది. వాన చూసి ఖర్చు చేసే సీమలో, కూర్చోవడం రాని బిడ్డకు వేలు పోసి సీటు కొనడమంటే ఎవరికైనా మనసొప్పదు.

విమానాల నియమం కూడా అవ్వ పక్షమే. రెండేళ్లలోపు బిడ్డ పెద్దల ఒళ్లో ప్రయాణించవచ్చు. దేశంలో తిరిగే విమానాలకు కొద్దిపాటి రుసుము, విదేశాలకైతే సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతు కడితే చాలు. రెండేళ్లు నిండితే మాత్రం సీటు కొనాల్సిందే.

మరి చిక్కెక్కడ? బరువు దగ్గర. పది కిలోల బిడ్డను గంటల తరబడి ఎత్తుకునే తల్లులున్నారు. కానీ విమానం గట్టిగా కుదిపినప్పుడు, ఒక్కసారిగా వేగం తగ్గినప్పుడు ఆ పది కిలోలే ముప్పై కిలోల్లా లాగుతాయి. అంతకు మించి కూడా లాగొచ్చు. చెప్పాపెట్టకుండా లాక్కుపోయే ముప్పై కిలోల మూటను చేతులతో ఆపగలమా? ప్రేమ ఎంతున్నా చేతుల బలానికి ఒక హద్దుంది.

1989 జూలై 19న అమెరికాలో అదే రుజువైంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232వ నంబరు విమానం ఇంజిన్ పగిలి, అదుపు తప్పి, సూ సిటీ విమానాశ్రయంలో కూలింది. అందులో ఒడి పిల్లలు నలుగురున్నారు. అప్పటి పద్ధతి ప్రకారం బిడ్డల్ని కాళ్ల దగ్గర నేలమీద పడుకోబెట్టి పట్టుకోమని సిబ్బంది చెప్పారు. తల్లులు అలాగే చేశారు. నేలను తాకిన అదటుకు కొందరు తల్లుల చేతుల్లో బిడ్డలు నిలవలేదు. ఒక పసిపాపను పొగలో ఏడుపు విని ఓ ప్రయాణికుడు వెతికి తెచ్చాడు. రెండేళ్లు నిండని ఒక బాబు దక్కలేదు. తల్లులకు ఆ సూచన ఇచ్చిన విమాన సిబ్బంది పెద్ద జాన్ బ్రౌన్ బయటపడింది కానీ ఆ బాబు తల్లి ముఖాన్ని మరచిపోలేకపోయింది. ప్రతి బిడ్డకూ సీటు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడింది.

అమెరికా ప్రమాదాల విచారణ సంస్థ ఆమె వైపే నిలిచింది. విమానయాన శాఖ మాత్రం 2005లో కుదరదంది. సీటు తప్పనిసరి చేస్తే ఆ ఖర్చు భరించలేనివాళ్లు కారెక్కుతారు, విమానం కంటే రోడ్డు మీదే ప్రాణనష్టం ఎక్కువ అన్నది దాని వాదన. అందుకే అక్కడ బిడ్డకు సీటు నేటికీ సలహాయే, చట్టం కాదు.

ఈ వాదన అనంతపురం వాళ్లు కాస్త ఆలకించాలి. మనకు విమానమంటే దేవనహళ్లి. అంటే పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 180 కిలోమీటర్లు. తెల్లవారుజామున లారీల మధ్య, నిద్ర చాలని డ్రైవరు పక్కన, ముందు సీట్లో తాత ఒళ్లో మనవడు! ఆకాశంలో సీటు గురించి వాదించుకునే ఇల్లు ఈ దారి సంగతి తలవదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు, లేదా పిల్లల సీటు లేకుండా కారులో తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అది కాగితం మీదే ఉండిపోతోంది.

కాబట్టి మొదటి ఖర్చు కారు సీటుకే. విమానంలో వాడదగినదని ముద్ర ఉన్న సీటు ఎంచుకుంటే రెండుచోట్లా పనికొస్తుంది. కొనేముందు విమాన సంస్థనూ అడగాలి. చేతిలో డబ్బుంటే బిడ్డకు విడిగా టికెట్టు తీయడమే మేలు. లేకుంటే పక్క సీటు ఖాళీగా ఉందేమో ఎక్కేటప్పుడు అడగండి. తల్లి బెల్టులోకే బిడ్డను దూర్చకూడదు. కుదుపులో తల్లి బరువంతా బిడ్డ పొట్టమీదే పడుతుంది. మన విమానాల్లో ఒడి పిల్లలకు ఇచ్చే చిన్న బెల్టు ఉంటే అడిగి పెట్టుకోండి. గోడకు తగిలించే ఉయ్యాల నిద్రకే. బెల్టు దీపం వెలిగితే బిడ్డను చేతుల్లోకి తీసుకోవాల్సిందే.

ఇంకొకటి. వచ్చేటప్పుడు ఇరవై మూడు నెలలున్న బిడ్డకు తిరిగి వెళ్లేలోగా రెండేళ్లు నిండితే ఆ ప్రయాణానికి సీటు తప్పదు. ముందే చూసుకోకపోతే కౌంటరు దగ్గర కంగారు.

ఇంతా విన్నాక అవ్వ ఏమంటుంది? 'సరేలే, ఆ సీటేదో ఇంటికాడ కారెక్కేటప్పుడే కట్టండి' అంటే చాలు. సగం భయం తీరినట్టే.