బెటరే, కాని దేనికంటె?

ఆంగ్లం నుండి వచ్చి మన ఇంటిమనిషి అయిపోయిన మాటలలో "బెటర్" ఒకటి. రైలుకంటె బస్సు బెటర్. జ్వరం ఇప్పుడు బెటర్. చీకటి పడకముందే బయలుదేరడం బెటర్. విశాఖ రేవులో కళాసీ మొదలు విశ్వవిద్యాలయ ఆచార్యుని వరకు ఈ మాట అననివారు అరుదు. పరభాషాపదం వచ్చిందని గుండెలు బాదుకునే ఛాందసం నాకు లేదు. రైలూ బస్సూ అట్లా వచ్చినవే కదా! నా విచారం వేరు. ఈ మాట వస్తూ వస్తూ మన వాక్యంలోనుండి ఒక చిన్నమాటను బయటికి నెట్టివేస్తున్నది. ఆ చిన్నమాట "కంటె".

ముందుగా ఈ పదానికి ఆంగ్లంలో ఉన్న వేషాలు చూద్దాం. "గుడ్" అనే విశేషణానికి తారతమ్యరూపం ఇది. అయితే రెంటి ధాతువులూ వేరు. మనకిది వింత కాదు. పాణిని "ప్రశస్య" శబ్దానికి "శ్ర" ఆదేశం చేసి శ్రేయస్సును, శ్రేష్ఠాన్ని సాధించాడు. ఇక అర్థాలు. రోగి కొంత కోలుకున్నా బెటరే, పూర్తిగా స్వస్థుడైనా బెటరే. "హాడ్" అనే క్రియతో చేరితే హితవు, ఒక్కొక్కప్పుడు బెదిరింపు కూడా. బహువచనంలో మనకంటె గొప్పవారు. ఒకరిపై పైచేయి సాధించడానికీ ఇదే మాట, ఒక వస్తువును బాగుచేయడానికీ ఇదే మాట. "పార్ట్" ముందు నిలిస్తే సగానికి మించిన భాగం. "హాఫ్" ముందు నిలిస్తే భార్య. మనం అర్ధాంగి అని సరిసగం ఇచ్చి ఊరుకున్నాం, ఆంగ్లేయుడు ఆమెది మేలైన సగమని ఒప్పుకున్నాడు.

ఇన్ని పనులకు తెలుగులో వేరువేరు మాటలున్నాయి. గుణంలో మేలు, పనితనంలో మెరుగు, అందరినీ మించితే మిన్న. కొద్దిపాటి తేడా ఉంటే వాసి. మందు పనిచేస్తే గుణం కనిపించింది అంటాం, బాధ తగ్గితే నెమ్మదించింది అంటాం, ఆరోగ్యం నిలదొక్కుకుంటే కుదుటపడింది అంటాం. "నయం" సంగతి మరీ చిత్రం. అంగడిలో నయమంటే చవక, మాటలో నయమంటే మెత్తదనం. "నిన్నటికంటె నయం" అంటే జబ్బు ఇంకా ఉన్నదని, "నయమైంది" అంటే పోయిందని. ఒక్క క్రియ చేరేసరికి అర్థం ఎంత దూరం జరిగిందో చూడండి. ఈ మాటలన్నీ చేసే పనిని ఇప్పుడు ఒక్క "బెటర్" చేస్తున్నది.

అయినా పదసంపద తరగడం కంటె పెద్ద నష్టం వ్యాకరణంలో జరుగుతున్నదని నా అభిప్రాయం. తారతమ్యం అన్న మాటలోనే సంస్కృతపు తర, తమ ప్రత్యయాలు రెండూ ఉన్నాయి. తెలుగు విశేషణానికి అటువంటి తోకలు లేవు. "మంచి" ఎప్పుడూ మంచే. "దానికంటె ఇది మంచిది" అన్నప్పుడు పోలిక భారమంతా "కంటె" మోస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని అనుసరించి మనం బడిలో వల్లెవేసిన విభక్తులు గుర్తు తెచ్చుకోండి. వలనన్, కంటెన్, పట్టి: పంచమీ విభక్తి. ఒకచోటునుండి కదలికను చెప్పే విభక్తి అది. సంస్కృతంలోనూ దేనితో పోలుస్తామో ఆ పదానికి పంచమియే వస్తుంది. అంటే పోలిక ఒక ప్రయాణం. ఎక్కడినుండి బయలుదేరామో చెప్పకుండా ఎంత దూరం వచ్చామో చెప్పలేము.

తర, తమలు లేకపోవడం తెలుగు లోపమని కొందరంటారు. నేను దానిని శీలమంటాను. "గుడ్డికంటె మెల్ల నయం" అనే సామెతలో మెల్ల మంచిదని ఎవరూ అనలేదు. దేనికంటె నయమో అందులోనే ఉన్నది కనుక వినేవాడు మోసపోడు. "బెటర్" ఒంటరిగా వచ్చినప్పుడు ఆ రక్షణ పోతుంది.

1923లో ప్రారంభమైన మన కింగ్ జార్జి ఆసుపత్రి వంటి చోట "పేషెంటు బెటర్" అన్న మాట వరండాలోకి వస్తే, చెప్పినవారి మనసులో "రాత్రికంటె" అని ఉండవచ్చు. విన్న తల్లి మనసులో "ఇక భయం లేదు" అని పడుతుంది. రెంటికీ నడుమ ఒక ప్రాణమంత దూరం ఉన్నది.

నగరపు గాలి విషయమూ అంతే. కొండల నడుమ గిన్నెలా ఉన్న ఊరు మనది. రేవు బొగ్గుధూళి ఎరిగిన వారికి "గాలి బెటర్" అంటే సంతోషమే. కాని వానలకు కడిగిన శ్రావణంలోని గాలిని పుష్యమాసపు గాలితో పోల్చి అన్నారా, అదే మాసంలో నిరుటి గాలితో పోల్చి అన్నారా?

ఉక్కు కర్మాగారపు వాదంలో ఈ మాట మరీ బరువెక్కింది. 2021 జనవరిలో కేంద్రం నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా అంగీకరించినప్పటినుండి "ప్రైవేటే బెటర్", "ప్రభుత్వమే బెటర్" అని రెండు పక్షాలూ వింటున్నాం. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించిన తరువాత కూడా ఆ వాదం ఆగలేదు. ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యం గల ఈ కర్మాగారానికి సొంత ఇనుపగనులు లేవు. గనులున్న సంస్థల లాభంతో దీని లాభాన్ని పోల్చి, గనుల మాట దాచి తీర్పు చెబితే అది సగం వాక్యం. అట్లాగే భూములిచ్చిన నిర్వాసితునికి, ఒప్పంద కార్మికునికి ఏది మేలో చెప్పకుండా ప్రభుత్వమే బెటర్ అనడమూ సగం వాక్యమే. ఎవరికి? ఏ విషయంలో? దేనికంటె?

"బెటర్"ను వెళ్ళగొట్టమని నేననను, అది వెళ్ళదు కూడా. ఉండనిద్దాం. కాని మన ఇంట ఉన్నందుకు మన విభక్తిని పాటించాలని అడుగుదాం. ఎవరైనా ఆ మాటను ఒంటరిగా పంపినప్పుడు "దేనికంటెనండీ?" అని మర్యాదగా ప్రశ్నిద్దాం. పంచమీ విభక్తి పరీక్షలో మార్కుల కొరకే కాదు, బజారులో మోసపోకుండా ఉండడానికి కూడా పనికివస్తుంది.