అక్షరానికి కుదురు

మన తెలుగు జిల్లాల నుండి వైద్యవిద్యకై చీనాకు వెళ్లినవారు, వెళ్లదలచినవారు కొద్దిమంది కారు. పాఠాలు ఇంగ్లీషులో జరిగినా, ఆసుపత్రిలో రోగి మాట్లాడేది చీనీ భాష; మంచం వద్ద వేలాడే కాగితంలో ఉండేది చీనీ లిపి. "ఇన్ని వేల బొమ్మలు ఎవరికి కంఠస్థమవుతాయి?" అని విద్యార్థులు బెదరుతున్నారు. బొమ్మలుగా చూచినంత కాలం ఎవరికీ కావని మా సమాధానం.

1988లో చీనా ప్రభుత్వం ప్రకటించిన నిత్యవ్యవహార జాబితాలో 3,500 అక్షరాలున్నవి. కాని ప్రతి అక్షరానికీ ఒక కుదురు కలదు. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు తన నిఘంటువులో అక్షరాలను 540 కుదుళ్ల కింద సర్దినాడు. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువులో ఇవి 214 మాత్రమే. చెట్టు గుర్తు ఒకటైతే చెట్టు, రెండు చేరితే తోపు, మూడైతే అడవి. నర్సాపూరు అడవి పక్కన చదువుకునే వారికి ఇది రెండవసారి చెప్పనక్కరలేదు.

వైద్య విద్యార్థి ముందుగా ఎరుగవలసినది జబ్బు కుదురు. నొప్పి, కాన్సరు, అంటురోగం, అన్నింటినీ అది పైనుండి, ఎడమనుండి కప్పి ఉంటుంది. తరువాత మాంసపు కుదురు: ఊపిరితిత్తులు, మెదడు, జీర్ణకోశం, కాలేయం దాని సంతానమే. కాలేయాన్ని వారు 'గాన్' అంటారు. ఆ అక్షరపు ఎడమ సగం ఇది శరీరభాగమని తెలిపితే, కుడి సగం 'గాన్' అనే ధ్వనిని అందిస్తుంది. గుండె మాత్రం ఈ గుంపులో చేరదు. అది తానే ఒక కుదురై భయాన్ని, కోపాన్ని, మరపును, ఆలోచనను తన ఇంట ఉంచుకున్నది. వైద్యులు ఒప్పకపోయినా కవులు ఒప్పుకుంటారు!

అయితే కుదురు దిక్కు చూపుతుందే గాని ఇల్లు చూపదు. నేటి అచ్చులో మాంసానికీ చంద్రునికీ ఒకే రూపం. 'స్నేహితుడు' అనే అక్షరంలో ఆ రూపం రెండుసార్లు కనబడుతుంది. అక్కడ అది మాంసమూ కాదు, చంద్రుడూ కాదు, పూర్వపు గవ్వల దండల గుర్తు. ధ్వనిని తెలిపే భాగాలు కూడా కాలక్రమాన చాలాచోట్ల ఉచ్చారణకు దూరమైనవి. కనుక వల్లె వేయడం పూర్తిగా తప్పదు, సగం తప్పుతుంది.

ఉర్దూ చదివే మనకు ఈ మార్గం పరాయిది కారాదు. కాఫ్, తే, బే అనే మూడక్షరాల నుండి కితాబు, కాతిబు, మక్తబు పుట్టినవి. ఐన్, లామ్, ఖాఫ్‌ల నుండి వచ్చిన ఇలాకా, తాలూకాలు మన తెలుగు రైతు నోట సైతం నిలిచినవి. చీనీ కుదురు కంటికి కనబడుతుంది, అరబీ ధాతువు చెవికి వినబడుతుంది. అయినను ఉర్దూ పదాలను నేటికీ పలుచోట్ల విడివిడిగా వల్లె వేయిస్తున్నారు. ఇది మాకు సమ్మతం కాదు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే. చీనా వెళ్లదలచిన విద్యార్థులకు బయలుదేరకముందే వారానికి రెండు గంటల చొప్పున యాభై కుదుళ్లు నేర్పే ఏర్పాటు చేయండి. ఖర్చు ఒక నిఘంటువు, ఒక గోడపటం. పటం తగిలించడానికి ఉర్దూ తరగతి గోడ ఉండనే ఉన్నది. అరబీ ధాతువుల పట్టికను దాని పక్కనే తగిలించవచ్చు.