పొలమే విడిది!

సెలవులంటే ఊటీకో అరకుకో వెళ్లాల్సిందేనా? కొండగట్టు అంజన్న దర్శనం కాగానే చాలామంది అటునుంచటే ఇంటిదారి పడతారు. ఆ దగ్గర్లోనే ఉంది జగిత్యాల జిల్లా కొడిమ్యాల. గుట్టలు, వరిమళ్లు, మామిడితోటలు... అలాంటి ఊళ్లో ఓ రైతు ఇంట్లో రెండ్రోజులుంటే?

కోడికూతతో మెలకువ. పాలు పితకడం చూసి, గట్లమీద నడిచి రావచ్చు. నాట్ల వేళైతే మడిలోకి దిగొచ్చు, వేసవైతే మామిడికాయలు కోయొచ్చు. మధ్యాహ్నం పచ్చిపులుసుతో అన్నం, సాయంత్రం వేడివేడి సర్వపిండి. ఇంతకంటే ఏం కావాలి!

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఇటలీ 1985లోనే ఇందుకోసం చట్టం చేసింది. అతిథులు ఎందరొచ్చినా సేద్యమే ప్రధానంగా సాగాలన్నది అందులోని షరతు. మహారాష్ట్రలోని బారామతి ప్రాంతంలో పాండురంగ్ తావరే 2005లో వ్యవసాయ పర్యటకానికి శ్రీకారం చుట్టారు. 2020లో ఆ రాష్ట్రం ప్రత్యేక విధానాన్నీ తెచ్చింది.

ఇటలీ పెట్టిన షరతులోనే ఉంది అసలు కిటుకు. వానలు మొహం చాటేసిన ఏడాది గది అద్దె రైతుకు ఆసరా కావాలి. అంతేగానీ గదుల కోసం మడినే పూడ్చేస్తే మిగిలేది మరో రిసార్టే. అది చూడ్డానికి కొడిమ్యాల దాకా ఎందుకు?