యెరికో గోడను కూల్చిన విధము

క్రిస్మస్ కార్యక్రమానికి మా రామసముద్రం సండేస్కూలు పిల్లలు ఐతుకు కథ ఆడతామన్నారు. ప్రసంగం పొడుగైతే ఏమవుతుందో సంఘపెద్దల ఎదుట చూపించాలని వారి సరదా. మేడమీదనుండి మనిషి పడే కథ వద్దన్నాము. చివరకు యెరికో గోడ కుదిరింది.

మా భయానికి కారణముంది. కొన్నేళ్ల క్రితం పందిట్లో కట్టిన చెక్క నక్షత్రం నాటిక మధ్యలో తెగిపడింది. గొర్రెల కాపరులుగా నిలిచిన ఇద్దరు పిల్లల నడుమ పడింది. పురికొస వెదురుకు రాసుకొని అరిగిపోయింది. ఆ ముడి వేసింది మేమే. పది అడుగుల పైనుండి పడే వస్తువు సెకను గడవకముందే నేలకు చేరుతుంది, "తప్పుకో" అనే వ్యవధి కూడా ఉండదు. ఆ పిల్లల తల్లి మమ్మును ఒక్క మాట అనలేదు. మిద్దెకు పిట్టగోడ కట్టుకొమ్మనే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఎన్నోమార్లు చదివాము గాని, అది పందిరికి కూడా వర్తిస్తుందని అంతవరకు తోచలేదు.

తాళ్లతో అద్భుతాలు చూపడం మన పొరుగువారికి కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన వనారస గోవిందరావుగారి నాటక సమాజం నారదుణ్ణి మేఘాలలోనుండి దించి చూపించిన పరంపర గలది. ఆ కుటుంబాలవారు పసితనంనుండి ఆ పనిలోనే పెరుగుతారు. మనకు ఏడాదికొక సాయంత్రమే గదా! మనుషులను వ్రేలాడదీసే పని మనకొద్దు.

గోడకు అంగళ్లలో దొరికే సబ్బుల, బిస్కట్ల అట్టపెట్టెలు చాలు. పాత పేపర్లు అంటించి ఎర్రమట్టి నీళ్లు పూస్తే దూరానికి రాళ్లే. మన వైపు టమాటా పెట్టెలకు కొదువలేదు గాని, ఖాళీదైనా తలకు తగిలితే గాయమే. అట్టపెట్టెలను నిలువు వరుసలుగా పేర్చి, ముందూ వెనుకా గుడ్డపట్టీలతో అతికించి, ప్రతి వరుసకు పైభాగాన వెనుకవైపు తాడు కట్టాము. అడుగున లాగితే గోడ ఎటు పడేదీ తెలియదు. పైన లాగితే లాగినవైపే ఒరుగుతుంది. లాగే యౌవనస్థులు గోడ ఎత్తుకంటే ఎక్కువ దూరంలో నిలబడాలి. అట్ట పడితే చప్పుడేముంటుంది? తెర వెనుక ఒక జింకు రేకును ఊపాము. దుమ్ముకోసం పిండి చల్లుదామన్నారొకరు. గాలిలో లేచిన పిండి దీపానికి అంటుకుంటుంది గనుక ఒప్పుకోలేదు.

అసలు చిక్కు వేరొకటి. పిల్లలు గోడ చుట్టూ తిరగాలి, అంటే దాని వెనుకకూ వెళ్లాలి. అందుచేత ముందు సున్నంతో గీత గీసి, ఏడుగురూ గీత ఇవతలికి వచ్చారని లెక్కించాకే తాడు లాగాలని నియమం పెట్టాము.

రిహార్సల్ రోజున కేకలు మిన్నంటాయి, రేకు ఉరిమింది. లెక్క ఆరు దగ్గర ఆగింది. అందరికంటే చిన్నవాడు గోడ వెనుక జారిపోయిన బూరను వెదుక్కుంటున్నాడు. తాళ్లు పట్టుకున్నవారు కదలలేదు. వాడు బూర దొరికించుకొని, మెల్లగా నడిచి వచ్చి, గీత ఇవతల నిలబడ్డాడు.

"ఏడు" అన్నాము.