నీటిపై జూదము

తుంగభద్ర యొడ్డున పెరిగిన మనకు నది యనగా త్రాగునీరు, సాగునీరు, పుణ్యస్నానము. పుట్టి నెక్కి యేరు దాటుట మన పెద్దలకు నిత్యకృత్యముగా నుండెను. పడవ యెక్కినవాడు ఆవలి యొడ్డు చేరగోరి యెక్కును. కాని యే యొడ్డునకును చేర్చక, ఎక్కినవాని సొమ్ము హరించుటకే నీటిపై నిలిపిన ఓడలును లోకమున కలవు. అవి నౌకలపై నడచు జూదశాలలు, వానినే కాసినోలందురు. ఆ ఓడల చరిత్రముకంటె వానిని పాలించు చట్టముల చరిత్రము మనము ముఖ్యముగా తెలిసికొనదగినది. ఒక మంచి నియమము ఎట్లు పుట్టి, ఎట్లు సడలి, ఎట్లు మాయమగునో అది చక్కగా చూపుచున్నది.

అమెరికా దేశమున మిసిసిపి నది యొడ్డున అయోవా అను రాష్ట్రము కలదు. అది మొక్కజొన్న విరివిగా పండు ప్రాంతము. 1980వ దశకమున అచ్చటి రైతులు అప్పులపాలైరి. నదీతీర పట్టణములలో వ్యవసాయ యంత్రములు చేయు కర్మాగారములు మూతపడెను. పనిలేని పట్టణములకు యాత్రికులను రప్పింపవలెనను తలంపుతో ఆ రాష్ట్ర శాసనసభ 1989లో నదీనౌకలపై జూదమునకు అనుమతి నొసగెను.

ఆ చట్టము చేసినవారు వివేకహీనులు కారు. ఓడ నదిలో విహరింపవలెను. ఒక పందెము 5 డాలర్లకు మించరాదు. ఒక విహారములో ఎవడును 200 డాలర్లకు మించి పోగొట్టుకొనరాదు. ఆ ప్రాంతపు ఓటర్లు సమ్మతింపనిదే అచ్చట ఓడ నిలుపరాదు. ఇట్టి కట్టుబాట్లతో 1991 ఏప్రిల్ 1న తొలి నౌకలు బయలుదేరెను. జూదము ఒక వినోదముగా మాత్రమే యుండవలెననియు, ఎవని సంసారమును గుల్ల కారాదనియు వారి ఆశయము. ఇంతవరకు తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

కాని నదికి రెండు ఒడ్డులు కలవు. ఆవలి యొడ్డుననున్న ఇల్లినాయి రాష్ట్రము 1990లో తానును అట్టి చట్టమే చేసి, పందెమునకు గాని నష్టమునకు గాని పరిమితి పెట్టలేదు. 1991 సెప్టెంబరులో దాని తొలి ఓడ ఆట ప్రారంభించెను. జూదరులు పరిమితి లేని చోటికి పోవుట సహజమే కదా! 1992లో అయోవా ఓడలు రెండు మిసిసిపి రాష్ట్రమున సముద్రతీరమందలి బిలాక్సీ పట్టణమునకు తరలిపోయెను. 1994లో అయోవా తన పరిమితులను రెంటిని తొలగించెను. ఆ నియమము చెడ్డదని తేలుటచేత కాదు. ప్రక్కవారికి అది లేకుండుటచేత.

తరువాతి కథ వినుడు. ఓడ కదలవలెనను నియమమును ఇల్లినాయి 1999లో విడిచెను. మిస్సోరి రాష్ట్రమున నదిప్రక్క గుంటలు త్రవ్వి, నీరు నింపి, వానిపై కట్టిన భవనములను ఓడలనిరి. ఇది నది కాదని 1997లో న్యాయస్థానము పలుకగా, 1998లో రాజ్యాంగమునే సవరించి నదికి వేయి అడుగుల లోపలి గుంటలకు అనుమతి నిచ్చిరి. రెండు గంటలలో 500 డాలర్లకు మించి పోగొట్టుకొనరాదను అచ్చటి నియమము 2008లో ఓటర్ల తీర్పుతోనే పోయెను. 2005లో కత్రినా తుపాను బిలాక్సీ జూదనౌకలను గట్టుపైకి విసరివేయగా, మిసిసిపి రాష్ట్రము తీరమునుండి 800 అడుగుల లోపల భూమిపైననే కట్టుకొనవచ్చునని ఆ యేడే శాసించెను. అయోవా 2007లో నీటి నియమమునే తీసివైచెను. ఇట్లు పదునారు సంవత్సరములలో ఓడ ఒడ్డు నెక్కెను. నియమము నీట మునిగెను.

ఇందుకు కారణమేమి? ఈ ఓడలవలన పలువురకు ఉద్యోగములు దొరకినవి. ప్రభుత్వములకు పన్నులు వచ్చినవి. ఆ సొమ్ములో కొంత ధర్మకార్యములకును పోవుచున్నది. దీనిని కాదనరాదు. కాని ఆ ఆదాయము ఓడినవాని జేబునుండియే వచ్చుచున్నదని మరువరాదు. ప్రజల నష్టము పెరిగినకొలది తన ఆదాయము పెరుగు ప్రభుత్వమునకు, నష్టపరిమితి తనకే నష్టముగ తోచును. కావలివాడే పంటలో పాలుగొన్నచో చేనికి దిక్కేది?

ఇది దూరదేశపు ముచ్చట యని మనము ఊరకుండుటకు వీలులేదు. మన దేశమున 1867 నాటి చట్టము బహిరంగ జూదమును నిషేధించినది. స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము ఆ యధికారమును రాష్ట్రములకు ఒప్పగించినది. గోవాలో 1976 నాటి జూదనిషేధ చట్టమును 1992లో సవరించి పెద్ద హోటళ్లలో యంత్రములతో ఆడు జూదమును, 1996లో మరల సవరించి నౌకలపై బల్లలయొద్ద ఆడు జూదమును అనుమతించిరి. ఆ సవరణ పలికినది తీరమునకు దూరముననుండు నౌకలను గూర్చి; ఆ నౌకలు నిలిచినది పణజి నగరమున కెదుట, మాండవి నదిలో. 2020 ఫిబ్రవరి నుండి గోవా వాసులు ఆ జూదశాలలలో ప్రవేశింపరాదని కట్టడి చేసిరి. పొరుగు రాష్ట్రములవారికి మాత్రము అడ్డు లేదు. తన బిడ్డకు విషమని తెలిసినది పొరుగింటి బిడ్డకు అన్నమగునా? ఆ పొరుగింటివారము మనమే. కర్ణాటకమునుండి, ఆంధ్ర తెలంగాణములనుండి ఎందరో సముద్రము చూడబోయి ఆ ఓడ లెక్కుచున్నారు.

మా పేటలో ఒక గృహస్థు అట్లే మిత్రులతో కలసి పోయెను. కుమార్తెను కళాశాలలో చేర్చుటకు దాచిన సొమ్ము ఒక్క రాత్రిలో పోగొట్టుకొని తిరిగి వచ్చెను. ఆ బాలిక మన పాఠశాలలో చదివినదే. ఆ యేడు ఆమె చదువు ఆగిపోయినది. ఆట ఆడినది తండ్రి, ఓడినది బిడ్డ. ఆ రాత్రి ఆయన ఎన్ని డాలర్లు, ఎన్ని రూపాయలు ఓడవచ్చునని చెప్పు నియమ మొక్కటి యున్నచో, ఆమె నేడు కళాశాలలో నుండెడిది.

భారతకథలో ధర్మరాజు జూదమాడెనని అందరును నిందింతురు. సభ కట్టించి, విదురుని హితవు వినక, ఆటకు అనుమతి నిచ్చిన ధృతరాష్ట్రుని మాట తలచువారు తక్కువ. నా దృష్టిలో ఆడినవాని దోషముకంటె ఆడింపజేసిన రాజు దోషమే గొప్పది. 2025లో మన పార్లమెంటు ఫోనులపై డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించు చట్టము చేసినది. చేతిలో ఆడిన దోషమైనది నదిలో ఆడిన దోషము కాకుండుట ఎట్లు?

జూదమును పూర్తిగ మాన్పుట సాధ్యము కాదని కొంద రందురు. కానిండు. అనుమతించు ప్రభుత్వము మూడు పనులైనను చేయవలెను. ఒకడు ఒక దినమున ఇంతకుమించి ఓడరాదను పరిమితి పెట్టవలెను. తన ప్రజల కిచ్చు రక్షణమునే పొరుగువారికిని ఈయవలెను. ఆ ఆదాయముపై తన నిత్యవ్యయమును ఆధారపరచుకొనరాదు. పొరుగు రాష్ట్రములన్నియు కూడి ఒకే పరిమితి నేర్పరచుకొన్నగాని ఇది నిలువదని అయోవా కథ చెప్పుచున్నది.

విద్యార్థులారా! రేపు మీరు ఓటర్లగుదురు. మీలో కొందరు శాసనసభ్యులును కావచ్చును. చట్టమును చదువునపుడు దాని తొలి పుటను మాత్రమే చదివి సంతసింపకుడు. తరువాత వచ్చిన సవరణలను చదువుడు. ఏ నియమము తొలగెనో, అది తొలగుటవలన ఎవనికి లాభము కలిగెనో విచారింపుడు. అట్లు విచారించు పౌరులున్నచోట నియమము నిలుచును.